రెండో పెళ్లికి పయ్యా రాట

కోడలు సౌణికి మళ్ళీ పెళ్లి చేస్తానని సతేశ్వరి అక్క చెప్పినప్పుడు మా బాంజ్‌ఖేత్‌లో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పయ్యా రాటలు పాతి, పందిరి వేసి మరీ చేస్తాననేసరికి మాత్రం ఊరు ఊరంతా చేతిలో పని పక్కన పెట్టింది.

మొగుడు పోయిన పిల్ల ఇంకో ఇంటికి వెళ్ళడం మా కొండల్లో కొత్తేమీ కాదు. అటు నుంచి నలుగురు మగవాళ్ళు వస్తారు. పిల్లకి కొత్త చీర కట్టి, ముక్కుకి ఏదో ఒకటి పెట్టి, పొద్దు వాలే వేళకి వెంటబెట్టుకు పోతారు. ఢోలు మోగదు. ఆడవాళ్ళు మంగళ పాటలు ఎత్తుకోరు. పయ్యా కొమ్మ సంగతి ఎవరూ తలచను కూడా తలచరు, ఎందుకంటే పయ్యా కన్నెపిల్లకే అని మా పెద్దల మాట.

పయ్యా అంటే అడివి చెర్రీయే. రోడ్డు కొలతలకి వచ్చిన ఇంజనీరు ఒకాయన ఆ మాట అని, పండు కోసి నోట్లో వేసుకుని, వగరుకి మొహమంతా ముడుచుకుని ఉమ్మేశాడు. మేము పండు కోసం దాని వంక చూడం. మిగతా చెట్లన్నీ చలికి ముడుచుకునే కార్తీక మార్గశిరాల్లో అది ఒళ్ళంతా గులాబీ రంగు పూస్తుంది. మా గోడల్లో కాపురం ఉండే తేనెటీగలకి చలికాలం బియ్యం బస్తా అదే. ఆ కట్టెని పొయ్యిలో పెట్టం. నాలుగు పయ్యా కొమ్మలు నాలుగు మూలలా నిలబెడితేనే మాకు పందిరి అయినట్టు.

మా ఊళ్ళో పయ్యాలు నాగరాజు గుడి వెనక తోపులో ఉన్నాయి. మాత్బర్ సింగ్ బావగారు సరేనంటే తప్ప అక్కడ రెమ్మ కూడా తుంచరు. ఊరి పెద్ద ఆయనే, తోపు చూసుకునేదీ ఆయనే. అందుకని సతేశ్వరి అక్క ముందు ఆయన దగ్గరికే వెళ్ళింది. పక్కింటిదాన్ని కదా, నన్ను కూడా తోడు లాక్కెళ్ళింది.

ఆయన అరుగు మీద ఎండకి కూర్చుని ఉన్ని వడుకుతున్నారు. అక్క తల మీద కొంగు సర్దుకుని, కాస్త ఎడంగా నిలబడి, విషయం చెప్పింది. ఆయన చేతిలో తకిలి తిరుగుతూనే ఉంది.

"పెళ్లి చెయ్యి. ఎవరొద్దన్నారు? కుర్రాడు మంచివాడే అంటున్నారు. కరెంటు లైన్‌మన్ కదూ?"

"అవును బావగారూ. కనుమ అవతల పల్యాగావ్ వాళ్ళు. పేరు జోత్ సింగ్."

"మంచిది. చీర కట్టి పంపించు. ఈ పయ్యాలూ పందిళ్ళూ ఎందుకు మధ్యలో? అది నేను పెట్టిన కట్టుబాటు కాదమ్మా. మా తాతల నాటిది."

"వాడికి ఇదే మొదటి పెళ్లి బావగారూ."

"వాడికి మొదటిదే. పిల్లకి కాదుగా." ఆయన తకిలి ఆపారు. గొంతులో కోపం కూడా లేదు, చిన్నపిల్లకి సర్దిచెప్పినట్టు అన్నారు. "నీకు వేశారా సతేశ్వరీ, పయ్యా పందిరి? లేదుగా? అయినా నువ్వు బతకలేదా, కొడుకుని కనలేదా? ఏం తక్కువైంది నీకు?"

అక్క కొంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది. ఆవిడ కూడా మా ఊరికి అలాగే, మొగుడు పోయాక, ఒక సాయంత్రం పూట వచ్చింది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ మొహం మీద అనరు. ఆయన అనేశారు. అక్క దణ్ణం పెట్టి ఇవతలికి వచ్చేసింది. దారిలో నేను రెండు మూడు మాటలు కదిపి చూశాను. "నోరు మూసుకుని నడవవే చైతీ" అంది.

ఇంటి దగ్గర సౌణి ఉలవలు చెరుగుతోంది. మా మొహాలు చూసి దానికి అర్థమైపోయింది. మూడేళ్ళ క్రితం వానల్లో రోడ్డు జారి, జీపు లోయలో పడి, అక్క ఒక్కగానొక్క కొడుకు పోయాడు. అప్పటికి పెళ్లయి ఏడాదైనా కాలేదు. సౌణి పుట్టింటికి వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. అక్క ఇంటాయన అంతకు ముందే పోయాడు కాబట్టి అత్తా కోడళ్ళు ఇద్దరే ఆ ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, పెద్దగా మాటలు లేకుండా బతుకుతున్నారు.

"అత్తా, నాకు పందిరి వద్దు" అంది సౌణి, చేట మీంచి కళ్ళెత్తకుండా. "ఊరితో పేచీ ఎందుకు? రేపు నేను పోయాక కూడా ఈ ఊళ్ళో ఉండాల్సింది నువ్వు. చీర కట్టుకుని వెళ్ళిపోతాను."

"నువ్వు వెళ్ళిపోవట్లేదు. నేను పంపుతున్నాను. రెండూ ఒకటేనా?"

"చూసేవాళ్ళకి ఒకటే."

"చూసేవాళ్ళ కోసం కాదు" అని అక్క లోపలికి వెళ్ళి కొడవలి నూరడం మొదలుపెట్టింది. నూరుతూనే, గోడకి చెబుతున్నట్టు అంది. "తోపులోవి మాత్బర్ సింగ్‌వి. అడివిలోవి ఎవరివి? కనుమ మీద ఒక పయ్యా ఉండేది. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో గడ్డికి పోయినప్పుడు చూశాను."

మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరం బయల్దేరాం. కొడవళ్ళు నడుముకి దోపుకుని, తాళ్ళు భుజాన వేసుకుని, చూసినవాళ్ళు గడ్డికి అనుకునేట్టు. అక్క కొంగున పసుపు కలిపిన బియ్యం ముడి వేసుకుంది. రాగి రొట్టెలూ, జనపగింజల పచ్చడీ నేను కట్టాను. రాత్రి కురిసిన మంచుకి దారి పక్క గడ్డి పొడిపొడిగా తెల్లబడి, కాలు వేస్తే కరకరలాడింది. బాంజ్ చెట్ల నీడ దాటేసరికి నాకు ఆయాసం వచ్చింది. అక్క నాకన్నా చాలా పెద్దది, కానీ ఆగలేదు.

"అక్కా, ఆ చెట్టు ఇంకా ఉందంటావా?"

"ఎక్కడికి పోతుందే? కాళ్ళున్నాయా దానికి?"

"ఎవరైనా కొట్టేసి ఉంటే?"

"నీ నోట్లో మంచి మాట ఒక్కటి రాదు. మీ ఆయన నీతో ఎలా వేగుతున్నాడో."

కనుమ దగ్గర పడేసరికి ఎండొచ్చింది. ఆ ఎండలో ముందు తేనెటీగల రొద వినిపించింది, తర్వాత చెట్టు కనబడింది. నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దది. రాగి చెంబు తోమి పెట్టినట్టు మెరిసే బెరడు, ఆకులు సగం రాలి, పువ్వులే పువ్వులు. ఊరి తోపులో పయ్యాలు ఏటేటా కొట్టించుకుని పొట్టిగా గుబురుగా ఉంటాయి. దీన్ని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. అక్క అలాగే నిలబడిపోయి చూసింది.

నేను మాత్రం ఇంకోటి చూశాను. గాలి లేదు, అయినా చెట్టు ఊగుతోంది. ఒక పెద్ద కొమ్మ కిందికీ మీదికీ ఊగి, పువ్వులు జలజల రాలాయి. లోపల నల్లగా ఏదో ఉంది.

"అక్కా, ఎలుగు" అన్నాను.

అక్క వెనక్కి పరిగెత్తలేదు. రాయి తీసి కొడవలి మీద టంగు టంగుమని కొట్టసాగింది. ఎలుగుని బెదరగొట్టేది అలాగే. అప్పుడు చెట్టులోంచి గొంతు వచ్చింది.

"ఎవరే అది? పళ్ళు జివ్వుమంటున్నాయి. ఆపండి ఆ గోల."

నల్ల ఉన్ని కోటు వేసుకున్న పెద్దావిడ. చీర పైకి దోపుకుని, కొమ్మ చీలికలో నిలబడి, చేతిలో కొడవలితో మమ్మల్నే చూస్తోంది. అప్పటికే నిలువుగా ఎదిగిన మంచి కొమ్మ ఒకటి నరికి కింద పడేసింది.

భయం పోయేసరికి అక్కకి కోపం వచ్చింది. "ఏమమ్మా, ఎవరి చెట్టు అనుకుని ఎక్కావు?"

"నీదా?"

"మా వైపుది."

"ఎలా మీ వైపుది? నీళ్ళు ఎటు పారతాయో చూడు. మా వైపు పారతాయి. చెట్టు మాది."

"వేళ్ళు చూడు, ఎటున్నాయో. దిగు ముందు."

"దిగను."

"దిగవా?"

"నీ పని నువ్వు చూసుకో. గడ్డికొచ్చినట్టున్నావు, గడ్డి కోసుకుపో."

అక్క చెట్టు మొదట్లోకి వెళ్ళి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "నాకు నాలుగు రాటలు కావాలి. పెళ్లి ఉంది. నువ్వు అన్నీ నరికేస్తే మాకేం మిగుల్తుంది?"

"నాకూ పెళ్లే. నా కొడుకు పెళ్లి. మా ఊరి పయ్యా మీద రోడ్డు మట్టి పోసి చంపేశారు. ఉన్నా ఇచ్చేవాళ్ళు కాదులే. మా పెద్ద బావగారు వద్దన్నాడు, రెండోసారి వచ్చే పిల్లకి ఇవన్నీ ఎందుకన్నాడు. పిల్లకి రెండోసారైతే కానీ, నా కొడుక్కి మొదటిసారి కాదా? ముప్పై దాటే దాకా ఎవరూ నచ్చక కూర్చుని, ఇప్పుడు నచ్చిందన్నాడు. వాడికి పసుపు నీళ్ళు పోసి, గుమ్మానికి పయ్యా కట్టకుండా ఎలా పంపను?"

ఈవిడ ఎవరో నాకు అర్థమైపోయింది. అక్క వైపు చూశాను. అక్క నడుం మీంచి చెయ్యి తీసేసింది.

పైన ఉన్నావిడకి ఇవేమీ తెలియవు. ఎవరో ఒకరు వినేవాళ్ళు దొరికారు కదా అని చెప్పుకుపోతోంది. "అసలు నాకు ఆ సంబంధం గుండెల్లో ముల్లులా ఉంది, తెలుసా. పెళ్లి చేసేది ఎవరనుకున్నావు? అత్త. కోడలికి అత్త పెళ్లి చెయ్యడం ఎక్కడైనా విన్నావా? ఆ పిల్ల పెద్ద గయ్యాళి అయినా అయ్యుండాలి, వదిలించుకుంటోంది. లేదా కొడుకు వాటా పొలం మీద ఆవిడకి కన్నయినా ఉండాలి. మా మగవాళ్ళకి ఇవేవీ తట్టవు. వెళ్ళారు, టీ తాగారు, మాట ఇచ్చేశారు."

అక్క నెమ్మదిగా ఒక రాయి మీద కూర్చుంది. కొడవలి పక్కన పెట్టింది.

"ఆ అత్త ఎలా ఉంటుందో చెప్పారా నీకు?" అంది చివరికి.

"ఎవరు చెప్తారు? పొడుగ్గా ఉంటుందిట, మాట పెళుసుట."

"పొడుగ్గానే ఉంటాను. మాట పెళుసే."

పైన ఆవిడ చేతిలోంచి కొడవలి జారి, కొమ్మల్లో తగులుతూ తగులుతూ కింద పడింది.

"నువ్వు జోత్ సింగ్ వాళ్ళ అమ్మవా?" అంది అక్క.

"గోదాంబరిని" అంది ఆవిడ, బాగా చిన్న గొంతుతో.

"సరే గోదాంబరీ. పొలం మీద కన్నుంటే కోడల్ని ఇంట్లోనే పెట్టుకుని చాకిరీ చేయించుకునేదాన్ని. పంపడం ఎందుకు? ఇక గయ్యాళి అన్నావు. ఈ మూడేళ్ళలో అది నా ముందు గట్టిగా నవ్వలేదు. నవ్వితే నా కొడుకు గుర్తొచ్చి నేను ఏడుస్తానని. పొద్దున్నే నా మొహం చూసి, ఇవాళ ఎంత మెల్లగా తిరగాలో లెక్క చూసుకుంటుంది. పోయిన చలికాలం మీ వాడు తీగ సరిచెయ్యడానికి వచ్చాడు. ఇది నిచ్చెన పట్టుకుంది. వాడు పైనుంచి ఏదో అన్నాడు, ఏమన్నాడో నాకు తెలీదు. ఇది నవ్వింది. నేను లోపల పిండి కలుపుతున్నాను. ఆ నవ్వు విని నా చెయ్యి ఆగిపోయింది. అంత చిన్నపిల్ల నా ఇంట్లో ఉందని అప్పుడు తెలిసింది నాకు."

గోదాంబరి కొమ్మని రెండు చేతులా పట్టుకుని, కిందికి వంగి వింటోంది.

"ఇక పయ్యా ఎందుకంటావా? నన్ను ఈ ఊరికి తెచ్చిన రోజు వాన. మా పెద్ద మరిది ముందు నడిచాడు, నేను వెనక. ఎవరూ ఎదురు రాలేదు. ఇంటికి వచ్చాక మా అత్త ఒక పళ్ళెంలో అన్నం పెట్టి, గేదెకి గడ్డి వేశావా అని అడిగింది. అంతే నా పెళ్లి. తర్వాత ఊళ్ళో ఎన్ని పెళ్లిళ్ళు జరిగాయో. అన్నిటికీ బియ్యం దంచాను, నీళ్ళు మోశాను. పసుపు కలిపేటప్పుడు మాత్రం ఎవరో ఒకరు, నువ్వు అటు పని చూడు సతేశ్వరీ అనేవారు. మంచిగానే అనేవారు. మా వాడి పెళ్లిలో కూడా పసుపు మా తోటికోడలే కలిపింది. నాకు ఏం తక్కువైందని నిన్న మా బావగారు అడిగారు. ఆయనకి చెప్పలేకపోయాను. నీకు చెప్తున్నాను. ఆ పిల్ల ఇంకో ఇంట్లో అలా పక్కకి జరిగి నిలబడకూడదు."

తర్వాత పైనుంచి గోదాంబరి అంది.

"వదినా."

"ఏం?"

"నువ్వు నన్ను ఏమైనా తిట్టు, పడతాను. కానీ కిందకి దిగాక తిట్టు. ఈ చీలికలో నా కాలు ఇరుక్కుని చాలాసేపైంది. దిగనన్నది అందుకే."

నాకు నవ్వు ఆగలేదు. అక్క నా వైపు చూసి ముందు కళ్ళెర్రజేసింది, తర్వాత తనకీ నవ్వు వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పొచ్చు కదమ్మా. నీళ్ళు ఎటు పారతాయని పాఠం చెప్పేకన్నా."

"తగాదాలో ఉండగా ఎవరు చెప్తారు?"

నేను ఎక్కాను. ఆవిడ రబ్బరు బూటు చీలికలో బిగుసుకుపోయింది. బూటు అక్కడే వదిలించి కాలు బయటికి లాగాను. అక్క కింద నిలబడి భుజం ఆన్చింది. ఆ భుజం మీద అడుగు వేసి, తర్వాత రాయి మీద, తర్వాత నేల మీద దిగింది గోదాంబరి. పొట్టిగా, గుండ్రంగా, జుట్టంతా పూరేకులతో ఉంది. దిగీ దిగగానే అక్క కాళ్ళకి వంగబోయింది. అక్క భుజాలు పట్టుకుని ఆపేసింది.

"పిల్లనిచ్చేదాన్ని నేను. వంగాల్సింది నేను."

"పిల్లనిచ్చేదానివి కాబట్టే" అంది గోదాంబరి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

రొట్టెలు ముగ్గురం పంచుకున్నాం. ఆవిడ మూటలో బెల్లం ఉంది, అది కూడా. చెట్టు మొదట్లో చూస్తే పసుపు బియ్యం అప్పటికే చల్లి ఉన్నాయి. గోదాంబరి కూడా చెట్టుని అడక్కుండా నరకలేదన్న మాట. అక్క కూడా తన ముడి విప్పి అక్కడే చల్లింది, చెట్టుకి చెయ్యి ఆన్చి పెదాలు కదిపింది. బూటు తేవడానికి ఎలాగూ ఎక్కాలి కదా అని మిగతా కొమ్మలు నరకడం నా మెడకి చుట్టారు. ఇద్దరికీ సరిపడా నరికితే చెట్టు బోసిపోతుంది. రాటలు పెళ్లి పందిరికి అక్క తీసుకునేట్టు, చిన్న రెమ్మలు గుమ్మానికీ పసుపు స్నానానికీ గోదాంబరి తీసుకునేట్టు అనుకున్నారు.

"పంతులు ఎవరు మీకు?" అని గోదాంబరి అడిగింది.

"మా ఊరాయన రాడు. బావగారి మాట దాటడు."

"మా చిన్నాన్న ఉన్నాడు. చెవులు బొత్తిగా వినబడవు. ఎవరు ఏ అభ్యంతరం చెప్పినా ఆయన దాకా పోదు. మంత్రాలు మాత్రం ఒక్కటీ వదలడు."

వచ్చేటప్పుడు మేము అనుకున్నది, కొమ్మల్ని బాంజ్ ఆకుల మోపులో దాచి ఊళ్ళోకి తేవాలని. కనుమ దిగడం మొదలెట్టాక నేను ఆకులు కోద్దామా అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. పొడుగాటి కొమ్మలు రెండు తన భుజాన, రెండు నా భుజాన. పువ్వులు మా వెనక దారంతా రాలాయి. తేనెటీగలు కొంత దూరం మాతోనే వచ్చాయి.

మధ్యాహ్నానికి ఊళ్ళోకి దిగాం. ఆ వేళకి ఆడవాళ్ళందరూ కుళాయి దగ్గరే ఉంటారు. బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు. మాత్బర్ సింగ్ బావగారు అరుగు మీదే ఉన్నారు.

"ఎక్కడివమ్మా అవి?"

"అడివివి బావగారూ."

"నేను వద్దన్నాను కదా."

"మీరు తోపులోవి వద్దన్నారు. వాటిని ముట్టుకోలేదు. వీటికి పెద్దమనుషులెవరూ లేరు."

ఆయన కాసేపు ఆ పువ్వుల్నే చూశారు. "నేను రాను, సతేశ్వరీ" అన్నారు.

"మీ ఇష్టం. భోజనం మాత్రం పంపుతాను."

బియ్యం దంచే రోజు వచ్చింది. అరిసెలకి ఇంటింటి నుంచీ ఒక ఆడమనిషి రోకలి పట్టుకుని రావాలి. పొద్దున్న నేనొక్కదాన్నే ఉన్నాను. సౌణి గుమ్మంలో నిలబడి దారి వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. అక్క రోట్లో బియ్యం పోసి ఏమీ జరగనట్టే దంచడం మొదలెట్టింది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి కుళాయి దగ్గరి ఇంటి బిజ్లీ వచ్చింది. దాని ఆడబిడ్డ కూడా మొగుడు పోయి పుట్టింట్లో ఉంది. తర్వాత ఇద్దరు. తర్వాత ఒకళ్ళ వెనక ఒకళ్ళు. మేము పెద్దక్క అని పిలిచే బావగారి భార్య నూనె డబ్బా తెచ్చి వాకిట్లో పెట్టింది. "మీ బావగారు నిద్రపోతున్నారు. నేను వచ్చినట్టు ఆయనకి తెలీదు" అంది. ఆ డబ్బా ఆవిడ ఒక్కతీ మోసుకు రాగలిగేది కాదు. ఆయనే సందు చివరి దాకా తెచ్చి ఇచ్చారని తర్వాత బిజ్లీ చెప్పింది. ఇంటి గుమ్మం మాత్రం తొక్కలేదు. పెళ్లి రోజు కూడా రాలేదు. మా వీధిలో మగవాళ్ళు సగానికి పైగా రాలేదు. అది నిజం, దాచడం ఎందుకు?

వచ్చినవాళ్ళతోనే పందిరి నిండింది. నాలుగు మూలలా నాలుగు పయ్యాలు పాతాం. పసుపు కలపాల్సిన వేళకి ఎప్పటిలాగే అక్క నీళ్ళ బిందె అందుకుని పక్కకి జరిగింది. సౌణి పీట మీంచి లేచి వచ్చి ఆ బిందె లాక్కుంది.

"ఎక్కడికి అత్తా? కూర్చో."

"పెద్దవాళ్ళు ఉన్నారు కదే..."

"నువ్వు కలపకపోతే నేను స్నానం చెయ్యను. ఇలాగే చెమటతో పీటల మీద కూర్చుంటాను. ఆయన పారిపోతే నీదే బాధ్యత."

ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వులో సౌణి నవ్వే గట్టిగా వినిపించింది. అక్క కూర్చుని పసుపు కలిపింది. కొంచెం ఎక్కువే పోసేసింది. సౌణి చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, ఆ పసుపు ఎంత కడిగినా పోలేదని తర్వాత వారం రోజులు నవ్వుకున్నాం.

కనుమ దిగి ఢోలు వచ్చింది. మగపెళ్లివారు లాంఛనంగా కొంచెమే వస్తారనుకుంటే ఊరు సగం వచ్చింది. గోదాంబరి కూడా వచ్చింది. మగపిల్లాడి తల్లి పెళ్లికి రావడం ఆనవాయితీ కాదు, ఇంటి దగ్గర ఉండి కోడలికి ఎదురు రావాలి. "నేను చూడకుండా ఎలా? ఆ రాటల కోసం ఎలుగునని అనిపించుకున్నాను" అంది. చెవులు వినబడని పంతులుగారు ఒక్క మంత్రం కూడా వదలకుండా, ఊరంతా వినేట్టు చదివారు. జోత్ సింగ్ సిగ్గుతో తల ఎత్తలేదు. పయ్యా పూరేకులు వాడి తలపాగా మీద పడుతుంటే సౌణి చాటుగా దులిపింది.

పంపేటప్పుడు సౌణి ఏడ్చింది. అక్క ఏడవలేదు. పల్లకీ మలుపు తిరిగాక గిన్నెలు తోమడానికి కూర్చుంది. నేను వచ్చి పక్కన కూర్చుంటే, "వెళ్ళవే, నీ ఇంట్లో పని లేదా" అంది. వెళ్ళలేదు నేను.

ఆ చలికాలం అక్క ఎలా గడుపుతుందోనని నాకు బెంగగా ఉండేది. ఒక పొద్దున్న, మంచు దారి మూసెయ్యక ముందే, గోదాంబరి కనుమ దాటి వచ్చింది. వాకిట్లో నిలబడి, "మూట కట్టు వదినా. మంచు కరిగేదాకా మా ఇంట్లో ఉందువుగాని. గేదెని చైతి చూస్తుంది" అంది. నన్ను ఎవరూ అడగలేదు.

అక్క ఒప్పుకోలేదు. "పిల్లనిచ్చిన ఇంట్లో తినకూడదు. మంచినీళ్ళు కూడా తాగకూడదు. నీకు తెలీదా?"

"అది కన్నతల్లికి. నువ్వు దాని తల్లివా?"

"కాదు."

"మరి ఎవరివి?"

"అత్తని."

"కోడలి ఇంట్లో అత్త తినకూడదని ఎక్కడైనా ఉందా?"

అక్క చాలాసేపు ఆలోచించింది. ఎక్కడా లేదు. అలాంటిది ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు కాబట్టి ఎవరూ కట్టుబాటు పెట్టలేదు. లోపలికి వెళ్ళి, మూట కట్టుకుని, పొయ్యి ఆర్పి, తాళం చెవి నా చేతిలో పెట్టింది.

మొన్న హోలీ ముందు తిరిగి వచ్చింది, కాస్త ఒళ్ళు చేసి. ఎలా ఉంది సౌణి అని అడిగాను.

"ఏముంటుంది? ఇద్దరత్తల కోడలు. ఉలవ చారులో ఉప్పు తక్కువని ఆవిడంటుంది, ఎక్కువని నేనంటాను. ఆ పిల్ల గిన్నె మా మధ్యలో పెట్టి, మీరే తేల్చుకోండి అని, మొగుణ్ణి తీసుకుని ఎండలోకి పోతుంది."

"నవ్వుతోందా మరి?"

"గోడలు దద్దరిల్లేట్టు. మధ్యాహ్నం పడుకుందామంటే లేదు" అని విసుక్కుంటూ అక్క గేదె దగ్గరికి వెళ్ళి, నేను సరిగ్గా మేపలేదని నన్ను తిట్టడం మొదలుపెట్టింది.